పోస్టరు నుంచి ఫోను తెర దాకా: డిజైన్ మాటలను తెలుగు అక్షరంతో నేర్చుకుందాం

లీడింగ్, కెర్నింగ్, గ్లిఫ్, కౌంటర్, వైర్‌ఫ్రేమ్. డిజైన్ నేర్చుకోవడం మొదలుపెట్టినవారు ఈ మాటల అర్థాలను బట్టీపట్టి, తీరా తెలుగు పేజీ చేయడానికి కూర్చునేసరికి తడబడతారు. తప్పు వారిది కాదు. ఈ మాటల్లో చాలావరకు ఇంగ్లీషు రాసే రోమన్ లిపి చుట్టూ పుట్టినవి. రోమన్ అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా నిలబడతాయి. తెలుగు అక్షరం అలా కాదు. నెత్తిన తలకట్టో గుడో పెట్టుకుంటుంది, కింద ఒత్తు తగిలించుకుంటుంది, ఒక్కోసారి పక్కవారి చోటులోకి కూడా తోక చాపుతుంది. అందుకే ప్రతి మాటకూ మన లిపిలో ఏమి అర్థమో పని చేస్తూ తెలుసుకోవాలి.

పనికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వాటికోసం ఒక ఏ3 పోస్టరు, పిల్లల పోటీలకు పేర్లు నమోదు చేసుకునేందుకు ఫోనులో తెరుచుకునే ఒక పేజీ కావాలి. మా ఊరి శాఖా గ్రంథాలయానికి నేను ఈ రెండూ చేశాను. అందులో చేసిన పొరపాట్లు కూడా ఇక్కడ చెబుతాను, ఎందుకంటే నాకు ఈ మాటల అసలు అర్థం వాటివల్లే తెలిసింది.

మొదటి మెట్టు: రాత సరిగా ఉందో లేదో చూడండి

ఫాంటు ఎంచుకోవడానికి ముందు, మీ చేతికి వచ్చిన రాత ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో తెలుసుకోవాలి. ఎన్‌కోడింగ్ అంటే కంప్యూటర్ ఒక్కో అక్షరానికి ఇచ్చుకునే సంఖ్య. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్న విభాగం ఉంది. అందులో రాసినది ఫోనులో, కంప్యూటర్‌లో, వెబ్‌లో ఎక్కడైనా తెలుగుగానే ఉంటుంది. పాత డీటీపీ ఫాంట్ల పద్ధతి వేరు. అక్కడ లోపల ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే ఉంటాయి, పైకి మాత్రం తెలుగు బొమ్మలు కనిపిస్తాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుస మిగులుతుంది. అలాంటి రాత వస్తే ముందు యూనికోడ్‌లోకి మార్చి, మొత్తం మళ్లీ చదవండి. మార్పిడిలో ఒత్తులు తారుమారవుతాయి, ముఖ్యంగా క్రావడి ఉన్నచోట.

ఇక్కడే గ్లిఫ్ అనే మాట అర్థం చేసుకోవాలి. కంప్యూటర్ దాచుకునేది క్యారెక్టర్, మన కంటికి కనిపించే రూపం గ్లిఫ్. ‘స్త్రీ’ని మనం ఒకే అక్షరంగా చూస్తాం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు క్యారెక్టర్లు ఉన్నాయి. వాటిని పేర్చి ఒక రూపం కట్టే పనిని షేపింగ్ అంటారు. ఇది ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అరుదైన క్యారెక్టర్ల వరుస కనిపించగానే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌కు ఐఓఎస్ 11.2.6 అనే సవరణ వచ్చాక గానీ అది సర్దుకోలేదు.

మీరు వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి, పొల్లు బయటికి కనిపిస్తుంటే ఫాంటును తప్పుపట్టకండి. అడోబీ ప్రోగ్రాములైతే టైప్ సెట్టింగుల్లో ‘వరల్డ్ రెడీ’ కంపోజర్‌ను, లేదా దక్షిణాసియా లిపుల ఎంపికను ఎంచుకోండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

కనిపించని అక్షరం ఒకటి ఉంది, దాన్ని కూడా పరిచయం చేసుకోండి: జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట కింద వ ఒత్తు చేరి ‘సాఫ్ట్వేర్’ కాకుండా అడ్డుపడేది ఇదే. ఇంగ్లీషు మాటలు తెలుగు లిపిలో రాసేటప్పుడు దీని అవసరం అడుగడుగునా వస్తుంది.

రెండో మెట్టు: ఫాంటును పరీక్ష పెట్టి ఎంచుకోండి

టైప్‌ఫేస్ అంటే ఒక అక్షర కుటుంబం. ఆ కుటుంబంలో పలచనిది, మామూలుది, లావుది ఇలా ఒక్కో సభ్యుడు ఒక్కో ఫాంటు. రోజువారీ మాటల్లో రెండింటినీ ఫాంటు అనే అంటాం, దానివల్ల నష్టమేమీ లేదు. కానీ లావు పలచనలను తెలిపే వెయిట్ అనే మాట మాత్రం తెలుగులో చాలా ముఖ్యం, ఎందుకంటే మన ఫాంట్లలో చాలావాటికి ఒకే వెయిట్ ఉంటుంది. సిలికానాంధ్ర అనే తెలుగు సాంస్కృతిక సంస్థ ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన మల్లన్న, మండలి, గిడుగు, రామభద్ర లాంటివి అటువంటివే. వాటిని మీరు బోల్డ్ చేస్తే, సాఫ్ట్‌వేర్ అక్షరం చుట్టూ సిరా పూసినట్టు గీతను ఉబ్బిస్తుంది. దీన్ని ఫేక్ బోల్డ్ అంటారు. అలాగే పక్కకు వంచితే అది ఫేక్ ఇటాలిక్. తెలుగుకు ఇటాలిక్ సంప్రదాయం లేదు, ఇంగ్లీషులోలా పెద్దక్షరాలూ (క్యాపిటల్స్) లేవు. ఒక మాటను ఎత్తిచూపాలంటే సైజు, రంగు, నిజమైన వెయిట్ ఈ మూడే మన చేతిలో ఉన్న సాధనాలు. నిజమైన వెయిట్లు కావాలంటే నోటో శాన్స్ తెలుగు, అనేక్ తెలుగు లాంటివి తీసుకోండి.

ఇప్పుడు నా పొరపాటు. మొదటి పోస్టరులో ‘గ్రంథాలయ వారోత్సవాలు’ అన్న శీర్షికను పెద్దగా వేశాను. తెరమీద చక్కగా ఉంది. శీర్షిక కింద చిన్నగా, ఫేక్ బోల్డ్‌లో, గ్రంథాలయం చిరునామా వేశాను. అచ్చులో అది ‘గ్రంధాలయం’ అయింది. అక్షరదోషం కాదు. ‘థ’ కడుపులో ఉండే చుక్క మాయమైంది. బోల్డ్ పేరుతో ఉబ్బిన గీత ఆ చుక్క చుట్టూ ఉన్న ఖాళీని మింగేసింది, మిగిలిన సందును సిరా పూడ్చేసింది. ఎంతోమంది ఎలాగూ తప్పుగా రాసే మాటనే, గ్రంథాలయం గోడమీద నేనే తప్పుగా అంటించినట్టయింది. వంద కాగితాలు తీసి పక్కన పెట్టి, మళ్లీ వేయించాను.

అక్షరం లోపల మూసుకున్న ఆ ఖాళీకి కౌంటర్ అని పేరు. తెలుగు అక్షరాలు గుండ్రనివి కాబట్టి మనకు కౌంటర్లు ఎక్కువ. అర్థాన్ని మార్చే చిన్న గుర్తులు చాలావరకు ఆ ఖాళీల్లోనో వాటి అంచుల్లోనో ఉంటాయి. కాబట్టి ఏ ఫాంటు తీసుకున్నా ముందు ఈ జంటలను మీరు వాడబోయే అతి చిన్న సైజులో అచ్చువేసి చూడండి: థ–ధ, ప–వ, బ–భ, ద–ధ. చేయి చాచినంత దూరంలో తేడా తెలియకపోతే ఆ ఫాంటు ఆ సైజుకు పనికిరాదు. శీర్షికకు అది ఎంత అందంగా ఉన్నా సరే, చిన్న రాతకు వేరేది వెతకండి.

సైజు గురించి ఒక మాట. 72 పాయింట్లు ఒక అంగుళం. కానీ 12 పాయింట్ల ఫాంటు అంటే అక్షరం ఎత్తు 12 పాయింట్లని కాదు. సీసపు అచ్చుల కాలంలో అక్షరం చెక్కిన దిమ్మె ఎత్తు అది. ఆ ఎత్తులోనే మనవాళ్లు పైన గుడికీ కింద ఒత్తుకూ చోటివ్వాలి, అందువల్ల అసలు అక్షరం చిన్నదవుతుంది. చాలా ఫాంట్లలో 12 పాయింట్ల తెలుగు, అదే సైజు ఇంగ్లీషు పక్కన చిన్నగా కనిపించడానికి కారణం ఇదే. రెండు భాషలూ ఒకే వరుసలో వస్తే, అంకెలను నమ్మకుండా కంటితో చూసి సమం చేయండి.

మూడో మెట్టు: లైన్ల మధ్య, అక్షరాల మధ్య

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. తెలుగు పేజీ బాగుందా లేదా అన్నది సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది.

అక్షరాలు కూర్చునే ఊహారేఖ బేస్‌లైన్. ఒక బేస్‌లైన్ నుంచి తర్వాతి బేస్‌లైన్ వరకు ఉన్న దూరం లీడింగ్. పాతకాలపు ప్రెస్సుల్లో లైన్ల మధ్య సన్నని సీసపు పట్టీలు పెట్టేవారు. సీసాన్ని ఇంగ్లీషులో లెడ్ అంటారు కదా, పేరు అలా వచ్చింది. వెబ్‌లో దీనికి దగ్గరి మాట లైన్ హైట్.

డిజైన్ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా ఫాంటు సైజుకు 120 శాతం లీడింగ్ ఇస్తాయి. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగుకు చాలదు. పై లైనులో ‘రాష్ట్ర’ ఉందనుకోండి. ష కింద ట ఒత్తు, దానితో పాటు ర ఒత్తు. సరిగ్గా దాని కింది లైనులో ‘వీధి’ ఉంటే, కిందికి దిగిన ఒత్తు పైకి లేచిన గుడిని తాకుతుంది. చదివేవారికి ఎక్కడ తట్టుకుందో తెలియదు, కానీ కళ్లు అలసిపోతాయి. నేను 16 పాయింట్ల రాతకు 26 పాయింట్ల లీడింగ్ పెడతాను, అంటే 160 శాతానికి కాస్త ఎక్కువ. వెబ్ పేజీలో లైన్ హైట్‌ను ఫాంటు సైజుకు 1.6 రెట్ల దగ్గర మొదలుపెట్టి ఫాంటును బట్టి సర్దండి. పెద్ద శీర్షికలకు మాత్రం ఈ లెక్క వద్దు. రెండు లైన్ల శీర్షికలో ఏ ఒత్తు ఏ గుడికి ఎదురవుతుందో మీకు ముందే తెలుసు కాబట్టి, చేత్తో దగ్గరకు జరపవచ్చు.

ఇక కెర్నింగ్. రెండు పక్కపక్క అక్షరాల మధ్య సందును సవరించడమే కెర్నింగ్. మొత్తం మాటకో వాక్యానికో సందును ఒకేలా పెంచడం తగ్గించడం ట్రాకింగ్. తెలుగులో కెర్నింగ్ ఎందుకు కావాలో తెలుసుకోవడానికి మన పోస్టరులో తప్పకుండా వచ్చే ఒక మాట చాలు: కార్యక్రమం. ‘ర్య’లోని య ఒత్తు కిందినుంచి కుడివైపుకు సాగుతుంది. పక్కనే ‘క్ర’ ఉంది, దాని క్రావడి కిందినుంచి ఎడమవైపుకు చుట్టుకుంటుంది. రెండు తోకలూ ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. మంచి ఫాంట్లు ఈ జంటను ముందే ఊహించి జరిపి పెడతాయి. మిగిలినవాటిలో ఆ రెండు అక్షరాల మధ్య కర్సరు పెట్టి మీరే కొంచెం జరపాలి. చిన్న రాతలో ఇంత పని అక్కర్లేదు. శీర్షికలో మాత్రం తప్పదు, ఫ్లెక్సీ అయితే మరీను.

ట్రాకింగ్‌ను తెలుగులో సున్నా దగ్గరే ఉంచండి. రోమన్ పెద్దక్షరాలను ఎడంగా పేర్చితే హుందాగా ఉంటుందని చూసి మనకూ అలా చేస్తుంటారు. మన మాట విడివిడి అక్షరాలుగా రాలిపోయి, చదివేవారు కూడబలుక్కోవాల్సి వస్తుంది. చోటు చాలక ట్రాకింగ్ తగ్గిస్తే ఒత్తులు గుద్దుకుంటాయి. చోటు చాలకపోతే మాటలు తగ్గించండి.

అలైన్‌మెంట్ విషయంలో కూడా నా సలహా సూటిగానే ఉంటుంది. రెండు అంచులూ సమంగా తెచ్చే జస్టిఫికేషన్ సన్నని కాలమ్‌లో వద్దు. ‘చేయాల్సివచ్చినప్పుడు’ లాంటి పొడవాటి మాట ఒకటి కింది లైనుకు జారితే, పై లైనులో మిగిలిన మూడు మాటల మధ్య గోతులు పడతాయి. అవి వరుస లైన్లలో ఒకదాని కింద ఒకటి కలిస్తే తెల్లని కాలువలా కనిపిస్తాయి, రివర్ అనే పేరు అందుకే వచ్చింది. ఎడమవైపు సమంగా ఉంచి, కుడివైపు వదిలేయండి.

నాలుగో మెట్టు: ఏది ముందు కనిపించాలి

ఏది ముందు, ఏది తర్వాత చదవాలో కంటికి చెప్పే ఏర్పాటు హైరార్కీ. పోస్టరుకు మూడు అంచెలు చాలు. ఏమి జరుగుతోంది, ఎప్పుడు ఎక్కడ, మిగతా వివరాలు. పక్కపక్క అంచెల మధ్య సైజు తేడా స్పష్టంగా ఉండాలి. 24, 22, 20 అని పెడితే అది తేడా కాదు, తడబాటులా కనిపిస్తుంది. 72, 32, 16 అని ధైర్యంగా పెట్టండి. తర్వాత పోస్టరును గోడకు ఆనించి, ఆరడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు సగం మూసి చూడండి. మసకలో కూడా మొదట కనబడేది మీరు అనుకున్నదేనా?

గ్రిడ్ అంటే పేజీని నిలువుగా, అడ్డంగా విభజించే ఊహాగీతలు. మార్జిన్ అంటే అంచు ఖాళీ. ఇవి అందరికీ తెలిసినవే, త్వరగా దాటిపోదాం. వైట్ స్పేస్ దగ్గర మాత్రం ఆగాలి. నా పోస్టరు చూసి గ్రంథాలయాధికారి గారు “ఇక్కడ ఇంత ఖాళీ ఉంది కదండీ, ఏదైనా పెట్టండి” అన్నారు. ఇది ప్రతి డిజైనరూ వినే మాటే. ఆయనకు వాదనతో జవాబివ్వలేదు. ఆ ఖాళీలో ఒక బొమ్మ పెట్టిన ప్రతి, పెట్టని ప్రతి రెండూ గోడకు అంటించి, తేదీ ఎక్కడుందో వెతకమన్నాను. రెండో కాగితంమీద వేలు వెంటనే ఆగింది. ఖాళీ అనేది తేదీని మోసే పళ్లెమని ఆయనే అన్నారు. అప్పటినుంచి నేను ఆ మాటే వాడుతున్నాను.

ఐదో మెట్టు: రంగు, అచ్చు

రాతకూ దాని వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడాను కాంట్రాస్ట్ అంటారు. తెల్లమీద నలుపు 21:1, అంతకంటే ఎక్కువ ఉండదు. వెబ్ సౌలభ్య ప్రమాణాలు మామూలు రాతకు కనీసం 4.5:1, పెద్ద రాతకు 3:1 ఉండాలంటాయి. స్వచ్ఛమైన ఎరుపు తెల్లమీద దాదాపు 4:1 మాత్రమే, అంటే చిన్న రాతకు చాలదు. పసుపు తెల్లమీద 1.07:1, అది లేనట్టే. మన పోస్టర్లలో ఎక్కువగా కనిపించే నీలంమీద ఎరుపు రెండుకు కాస్త ఎక్కువ. ఈ నిష్పత్తి చెప్పే ఉచిత సాధనాలు వెబ్‌లో దొరుకుతాయి, వాడండి.

తెర వెలుగుతో రంగు పుట్టిస్తుంది. అది ఆర్‌జీబీ, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల కలయిక. కాగితం సిరాతో పుట్టిస్తుంది. అది సీఎంవైకే, అంటే సయాన్ (లేత నీలం), మెజెంటా (గులాబీ), పసుపు, నలుపు అనే నాలుగు సిరాల కలయిక. మెరిసే ఆకుపచ్చ, నీలం రంగులు సిరాలోకి వచ్చేసరికి చల్లబడతాయి, కాబట్టి పోస్టరును మొదటినుంచీ సీఎంవైకేలోనే చేయండి. నల్ల రాతను నలుపు సిరా ఒక్కదానితోనే వేయించండి. నాలుగు సిరాలు కలిపిన నలుపైతే, యంత్రంలో ఒక్క రంగు వెంట్రుకవాసి జరిగినా ఒత్తుల అంచుల్లో రంగుల నీడ వస్తుంది.

ఏ3 కాగితం 297 × 420 మిల్లీమీటర్లు. అంచుదాకా రంగు ఉంటే నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా ఇవ్వాలి, దీని పేరు బ్లీడ్. అంటే మీ ఫైలు 303 × 426. కత్తిరించేటప్పుడు కొంచెం పక్కకు పోయినా తెల్ల అంచు కనబడదు. ఫొటోలకు అంగుళానికి 300 చుక్కల రిజల్యూషన్ కావాలి. ఏ3 నిండా ఉండే బొమ్మైతే 3508 × 4961 పిక్సెళ్లు. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చినది కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపమని అడగండి. పిక్సెళ్లతో చేసిన బొమ్మ రాస్టర్, పెంచితే చెదురుతుంది. గీతల లెక్కలతో చేసినది వెక్టర్, ఎంత పెంచినా చెదరదు. లోగో ఎప్పుడూ వెక్టర్‌లోనే అడిగి తీసుకోండి.

ప్రెస్సుకు ఇచ్చే పీడీఎఫ్‌లో రాతను అవుట్‌లైన్లుగా, అంటే గీతలుగా మార్చి ఇవ్వండి. అక్కడి కంప్యూటర్‌లో మీ ఫాంటు లేకపోయినా ఒత్తులు చెదరవు. కానీ దిద్దుబాటుకు వీలైన అసలు ఫైలు మీ దగ్గర విడిగా ఉండాలి. మొత్తం వేయించే ముందు ఒక్క ప్రూఫు కాగితం అడిగి, ‘థ’లో చుక్క ఉందో లేదో చూడండి. నేను ఇప్పటికీ ముందు అదే చూస్తాను.

ఆరో మెట్టు: కాగితం నుంచి ఫోనుకు

తెరమీద కనిపించే బటన్లు, గడులు, రంగులు యూజర్ ఇంటర్‌ఫేస్. వాటిని వాడుతున్న మనిషికి మొదటినుంచి చివరిదాకా కలిగేదంతా యూజర్ ఎక్స్‌పీరియన్స్, క్లుప్తంగా యూఎక్స్. 1990ల మొదట్లో యాపిల్ సంస్థలో డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. మన పనిలో ఆ అనుభవం ఫోనులో కాదు, పోస్టరు ముందు మొదలవుతుంది. ఒక తల్లి పోస్టరు చూస్తుంది, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తుంది, పేజీలో బిడ్డ పేరు రాస్తుంది, నమోదైందన్న మాట చూస్తుంది. ఈ నడకను యూజర్ ఫ్లో అంటారు. కాగితంమీద బాణం గుర్తులతో గీయండి. క్యూఆర్ కోడ్ చుట్టూ కనీసం నాలుగు చిన్న గడులంత ఖాళీ వదలాలి. దాన్ని క్వైట్ జోన్ అంటారు. అది లేకపోతే ఫోను కోడ్‌ను గుర్తించక తల్లి అక్కడే ఆగిపోతుంది.

తర్వాత వైర్‌ఫ్రేమ్, అంటే రంగూ బొమ్మా లేని పేజీ అస్థిపంజరం. పెన్సిలుతో గీస్తే చాలు. ఇక్కడ లోరెమ్ ఇప్సమ్ లాంటి పూరకపు రాత వద్దు, అసలు తెలుగు మాటలే రాయండి. ‘సబ్మిట్’ పట్టే బటన్‌లో ‘సమర్పించండి’ పట్టదు. అది ముందే తెలిస్తే, అందరూ మాట్లాడే ‘పంపండి’ గుర్తొస్తుంది. ఇలాంటి చిన్న చిన్న మాటలను మైక్రోకాపీ అంటారు.

ఫారంలో గడి పైన ఉండే పేరు లేబుల్. గడి లోపల బూడిదరంగులో కనిపించి, టైపు చేయగానే మాయమయ్యేది ప్లేస్‌హోల్డర్. లేబుల్ పని ప్లేస్‌హోల్డర్‌కు అప్పగించకండి. మధ్యలో ఎవరో పిలిస్తే ఫోను పక్కన పెట్టి తిరిగొచ్చినవారికి, ఆ గడి దేనికో తెలియదు. పేరును ముందు పేరు, చివరి పేరు అని రెండు ముక్కలు చేయకండి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, చాలామందికి అది ఒక్క పొడి అక్షరమే. ‘పూర్తి పేరు’ అని ఒకే గడి ఇచ్చి, తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా చుక్క పెట్టినా తీసుకోండి. ఫోను నెంబరు గడిని తాకితే అంకెల కీబోర్డే రావాలి. తప్పు జరిగితే ‘చెల్లని సమాచారం’ అనే ఎర్రర్ మెసేజ్ ఎవరికీ ఉపయోగపడదు. ‘ఫోను నెంబరులో 10 అంకెలుండాలి, 9 ఉన్నాయి’ అంటే మనిషి దిద్దుకుంటాడు.

వేలితో తాకే చోటు టచ్ టార్గెట్. ఆండ్రాయిడ్ సూచన 48 × 48 డీపీ (ఏ తెరమీదైనా దాదాపు ఒకే సైజులో కనిపించేలా ఆండ్రాయిడ్ వాడే కొలత), తెరమీద దాదాపు 9 మిల్లీమీటర్లు. యాపిల్ సూచన 44 × 44 పాయింట్లు. బటన్ ఎత్తును మాత్రం గట్టిగా బిగించకండి, ఎందుకో ఇప్పుడే చెబుతాను.

చివరి మెట్టు: పక్కన కూర్చుని చూడండి

నొక్కితే కదిలే నమూనా ప్రోటోటైప్. దాన్ని నిజమైన మనుషులకు ఇచ్చి చూడటం యూజబిలిటీ టెస్టింగ్. ఐదుగురితో చేసినా పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. నా అనుభవమూ అదే. పరీక్షించేది పేజీనే, మనిషిని కాదని ముందే చెప్పండి. ‘మీ మనవరాలి పేరు నమోదు చేయండి’ అని ఒక పని ఇచ్చి, మీరు నోరు మెదపకుండా కూర్చోండి.

నేను మొదట ఇచ్చింది రోజూ పేపరు చదవడానికి వచ్చే ఒక పెద్దాయనకు. ఆయన తన ఫోనులో అక్షరాల సైజు బాగా పెంచుకున్నారు. పేరు రాశారు, నెంబరు రాశారు, ఆ తర్వాత చూపుడువేలు గాలిలో ఆగిపోయింది. నేను చేసిన బటన్‌లో ‘నమోదు చేసుకోం’ వరకే కనిపిస్తోంది. అందులోనూ కింది కొమ్ములు తెగిపోయాయి. “చేసుకోం అంటోంది బాబూ, వద్దంటోందా?” అని అడిగారు. బటన్ ఎత్తు, వెడల్పు నేను అంకెల్లో బిగించినందువల్ల వచ్చిన తంటా అది. అక్షరం పెరిగితే బటన్ కూడా పెరిగేలా మార్చాను, రాతను ‘పేరు పంపండి’ అని కుదించాను. మర్నాడు ఆయనకే మళ్లీ ఇచ్చాను. కళ్లజోడు సవరించుకుని, ఆగకుండా నొక్కి, “వచ్చింది” అని తెర నావైపు తిప్పారు.